నెయ్యి, గానుగ నూనె, గుండె: నా పాత వీడియోలో చెప్పిన తప్పు, ఇప్పుడు సరిచేసిన లెక్క



పైన ఉన్న వీడియోలో చెప్పిన విషయాన్నే ఇక్కడ లెక్కలతో సహా వివరంగా రాస్తున్నాను. వీడియో చూసే టైం లేనివాళ్లు ఇది చదివితే చాలు.

కొత్తగా చూసేవాళ్ల కోసం నా గురించి రెండు మాటలు. అగ్రికల్చర్ డిప్లొమా చేశాను. నాలుగెకరాల్లో ప్రకృతి వ్యవసాయం, ఎక్కువ భాగం పల్లి. పంట యార్డుకు తోలితే గిట్టుబాటు కావడం లేదని ఇంటి దగ్గరే కట్టె గానుగ పెట్టుకున్నాను. మూడు దేశీ ఆవులున్నాయి. వాటి పేడ, మూత్రం జీవామృతానికి, మిగిలిన పాలు నెయ్యికి. అంటే నూనె, నెయ్యి రెండూ అమ్ముకుని బతికేవాడిని. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానో కింద చదివితే అర్థమవుతుంది.

అసలు ఏం జరిగింది

మూడేళ్ల కింద ఒక వీడియో పెట్టాను. అందులో మూడు మాటలు చెప్పాను. ఒకటి, దేశీ ఆవు నెయ్యి ఎంత తిన్నా గుండెకు ఏమీ కాదు. రెండు, గానుగ నూనెలో చెడు కొవ్వు ఉండదు. మూడు, కొలెస్ట్రాల్ గోలీలన్నీ మందుల కంపెనీల వ్యాపారం. ఇవి నేను పరిశోధించి చెప్పినవి కావు. నాలాంటి వాళ్ల వీడియోలు నాలుగు చూసి, విన్నదాన్ని మళ్లీ చెప్పాను. ఆ వీడియో బాగా నడిచింది. ఆర్డర్లు కూడా బాగా వచ్చాయి.

మా నాయినకు 61 ఏళ్లు. బీపీ ఉంది, కొలెస్ట్రాల్ గోలీ వాడేవాడు. పోయిన ఏడాది వనపర్తిలో రక్త పరీక్ష చేయిస్తే, అంతకుముందు 104 ఉన్న ఎల్‌డీఎల్ 181కి పోయింది. గోలీ సరిగ్గా వేసుకుంటున్నావా అని డాక్టర్ అడిగాడు. నాయిన నా మొహం చూశాడు.

"ఎనిమిది నెలల నుంచి బంద్ చేసిన. నువ్వే చెప్పినవు కదరా వీడియోల."

నాకు మాట రాలేదు. ఇంట్లో ఉన్న నన్ను అడగకుండా, ఫోన్‌లో ఉన్న నన్ను నమ్మాడు. గోలీ మానడమే కాదు, నెయ్యి కూడా పెంచాడు. రొట్టె మీద, పప్పులో, రాత్రి పాలల్లో కూడా. దేవుడి దయ వల్ల గుండెకు ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఒకటే ఆలోచన. నా వీడియో చూసి ఇంకా ఎంతమంది గోలీలు ఆపేశారో నాకు తెలియదు. అందుకే ఆ వీడియో తీసేసి ఇది చేశాను.

సంతృప్త కొవ్వు అంటే ఏమిటి?

చలికాలం పొద్దున మన వంటింట్లోనే అర్థమవుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లారి లేచి చూస్తే నెయ్యి డబ్బా గడ్డకట్టి ఉంటుంది. పక్కనే పల్లి నూనె సీసా వంచితే కారుతుంది. రెండూ కొవ్వే. మరి తేడా ఎక్కడ?

కొవ్వు అంటే పొడవైన కార్బన్ గొలుసులు. గొలుసు పొడవునా హైడ్రోజన్ పూర్తిగా నిండి ఉంటే అది నిటారుగా ఉంటుంది. అదే సంతృప్త కొవ్వు. కొన్నిచోట్ల హైడ్రోజన్ తగ్గితే గొలుసు అక్కడ వంగుతుంది. అది అసంతృప్త కొవ్వు. కందికట్టె మోపు కడితే కట్టెలు ఒకదానికొకటి ఆనుకుని గట్టిగా బిగుస్తాయి. సర్కారు తుమ్మ కొమ్మలు మోపు కట్టి చూడండి, వంకరలు కాబట్టి ఎంత తొక్కినా సందులు ఉంటాయి. నెయ్యిలో కందికట్టెలు ఎక్కువ, పల్లి నూనెలో తుమ్మ కొమ్మలు ఎక్కువ. అందుకే అది గడ్డకడుతుంది, ఇది కారుతుంది.

ఏ కొవ్వూ పూర్తిగా ఒకే రకం కాదు. అన్నిట్లో రెండూ కలిసే ఉంటాయి, పాళ్లు మారతాయి. 100 గ్రాముల్లో సంతృప్త కొవ్వు సుమారుగా ఇంత:

- కుసుమ నూనె: 10 గ్రాముల లోపు
- పొద్దుతిరుగుడు నూనె: 10 నుంచి 12
- నువ్వుల నూనె: 15 దాకా
- పల్లి నూనె: 17 నుంచి 20
- తవుడు నూనె: 20 నుంచి 25
- పామాయిల్: 50 దాకా
- నెయ్యి: 60 నుంచి 65
- కొబ్బరి నూనె: 80 నుంచి 90

గానుగ ఆడితే ఈ లెక్క మారుతుందా?

మారదు. నా పాత వీడియోలో రెండో తప్పు ఇదే. పల్లి గింజలో ఉన్న కొవ్వే గానుగలో బయటికొస్తుంది. కట్టె గానుగ అయినా, ఇనుప ఎక్స్‌పెల్లర్ అయినా, రిఫైన్డ్ అయినా సంతృప్త కొవ్వు పాలు దాదాపు అంతే. గానుగ వల్ల మిగిలేవి వేరే ఉన్నాయి: వాసన, రుచి, కొంత విటమిన్ ఇ. హెక్సేన్ లాంటి ద్రావకం వాడకపోవడం కూడా మంచిదే. ఇవి నిజమైన లాభాలు, వాటినే చెప్పి అమ్ముకోవచ్చు. "చెడు కొవ్వు ఉండదు" అనడం మాత్రం అబద్ధం.

ఇంకో మాట. సీసాల మీద "కొలెస్ట్రాల్ ఫ్రీ" అని రాస్తుంటాం. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలో ఉండేది. మొక్కల నూనె దేంట్లోనూ అది లెక్కపెట్టేంత ఉండదు, పామాయిల్‌లో కూడా. నేను నా లేబుల్ మీద నుంచి ఆ మాట తీసేశాను.

అట్లాగే ఏ2 నెయ్యి. ఏ1, ఏ2 అనేది పాలలోని బీటా కేసిన్ అనే ప్రోటీన్‌లో తేడా. వెన్న కాచి, గసి తీసి నెయ్యి చేస్తాం. అందులో మిగిలేది దాదాపు అంతా కొవ్వే, ప్రోటీన్ నామమాత్రం. కాబట్టి ఏ2 అన్న మాట నెయ్యిలోని కొవ్వును మార్చదు. దేశీ ఆవు మన నేలకు చేసే మేలు వేరే లెక్క, దాన్ని నేను రోజూ నా పొలంలో చూస్తున్నాను. కానీ ఆవు నెయ్యిలోనూ సగానికి పైగా సంతృప్త కొవ్వే ఉంటుంది.

శరీరంలో ఏం చేస్తుంది?

నెయ్యి పోయి నేరుగా నరాల్లో గడ్డకడుతుందని కొందరు భయపెడతారు. అది తప్పు. డ్రిప్ పైపులో ఉప్పు పేరుకున్నట్టు జరిగే పని కాదు ఇది.

కొలెస్ట్రాల్ శరీరానికి కావాల్సిందే. అది రక్తంలో తనంతట తాను నడవలేదు, కొన్ని కణాల మీద ఎక్కి పోతుంది. వాటిలో ముఖ్యమైనది ఎల్‌డీఎల్. దీన్ని ఒక లారీ అనుకోండి. పని అయ్యాక ఈ లారీలను కాలేయం లోపలికి లాక్కుంటుంది. అందుకు కాలేయం మీద గేట్లలాంటి గ్రాహకాలు ఉంటాయి. వీటిని కనిపెట్టి, కొలెస్ట్రాల్ నియంత్రణ ఎట్లా జరుగుతుందో వివరించినందుకే మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

సంతృప్త కొవ్వు ఎక్కువగా తింటే ఈ గేట్లు తగ్గుతాయి. మార్కెట్ యార్డులో పది గేట్లకు ఆరు మూసేస్తే ఏమవుతుంది? లారీలు రోడ్డు మీదే నిలబడతాయి. రక్తంలో ఎల్‌డీఎల్ పెరగడమంటే అదే. అట్లా ఏళ్ల తరబడి తిరిగే ఎల్‌డీఎల్ ధమని గోడ లోపలికి దూరుతుంది. అక్కడ వాపు వచ్చి, కొవ్వు ముద్ద తయారవుతుంది. ఆ ముద్ద ఎప్పుడో ఒకరోజు పగిలితే దాని మీద రక్తం గడ్డకడుతుంది. గుండెకు పోయే ధమనిలో జరిగితే గుండెపోటు. ఇది ఒక నెల పంట కాదు, ఇరవై ముప్పై ఏళ్ల పంట. అందుకే "మా తాత నెయ్యి తాగి తొంభై ఏళ్లు బతికాడు" అనే మాట ఒక్కదానితో తేలదు.

సంతృప్త కొవ్వుల్లోనూ తేడాలున్నాయి. పామాయిల్‌లో, నెయ్యిలో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లం ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. స్టియరిక్ ఆమ్లం పెద్దగా పెంచదు. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం ఎల్‌డీఎల్‌తో పాటు మంచిదనే హెచ్‌డీఎల్‌ను కూడా పెంచుతుంది. దాన్ని పట్టుకునే "కొబ్బరి నూనె గుండెకు మంచిది" అని ప్రచారం జరుగుతుంది. ఎల్‌డీఎల్ పెరిగిన సంగతి మాత్రం చెప్పరు.

మరి నెయ్యి మంచిదని చెప్పే స్టడీలు?

ఉన్నాయి. దాచాల్సిన పని లేదు. నేను పాత వీడియోలో వాడుకున్నవి కూడా అవే.

మొదటిది మన దేశానిదే. 1967లో మల్హోత్రా అనే రైల్వే డాక్టర్ ప్రచురించిన లెక్క. గుండె జబ్బుతో చనిపోయిన రైల్వే ఉద్యోగుల వివరాలు తీస్తే, ఉత్తరాది కంటే దక్షిణాదిలో మరణాలు దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఉత్తరాదివారు కొవ్వు ఎన్నో రెట్లు ఎక్కువ తినేవారు, అదీ ఎక్కువగా పాల కొవ్వు, నెయ్యి. దక్షిణాదివారిది గింజ నూనె. "చూశారా, నెయ్యి తిన్నవాళ్లే బాగున్నారు" అని ఇప్పటికీ చెప్తుంటారు.

ఇక్కడే మన వ్యవసాయ బుర్ర వాడాలి. పక్క ఊళ్లో ఎకరానికి రెండు క్వింటాళ్లు ఎక్కువ పండింది, వాళ్లు ఫలానా కషాయం కొట్టారు కాబట్టే అని ఎవరైనా అంటే మనం ఏమడుగుతాం? నేల ఒకటేనా? విత్తనం ఒకటేనా? వాన ఎంత? విత్తింది ఎప్పుడు? రెండు ప్రాంతాల మనుషుల్ని పోలిస్తే కూడా అంతే. పొగ, శ్రమ, ధాన్యం, తినే తీరు అన్నీ వేరు. కారణం తేలాలంటే ట్రయల్ ప్లాట్లు కావాలి. అంటే ఒకేలాంటి మనుషుల్ని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొవ్వు మార్చి, ఏళ్లపాటు చూడాలి.

అట్లాంటి ట్రయల్స్ జరిగాయి. 15 ట్రయల్స్, 56 వేల మందికి పైగా మనుషుల లెక్క కలిపి కాక్రేన్ సంస్థ 2020లో సమీక్ష ఇచ్చింది. కనీసం రెండేళ్లు సంతృప్త కొవ్వు తగ్గించిన వాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బు ఘటనలు సుమారు 17 శాతం తగ్గాయి. మొత్తం మరణాల్లో మాత్రం పెద్ద తేడా కనబడలేదు. ఇది కూడా చెప్పాల్సిందే. అన్ని ట్రయల్స్ ఒకే మాట చెప్పలేదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1968 నుంచి 1973 దాకా జరిగిన ట్రయల్‌లో కొలెస్ట్రాల్ తగ్గింది గానీ మరణాలు తగ్గలేదు.

రెండోది, 2010లో, 2014లో వచ్చిన రెండు పెద్ద విశ్లేషణలు. సంతృప్త కొవ్వుకు, గుండె జబ్బుకు స్పష్టమైన సంబంధం కనబడలేదని అవి చెప్పాయి. "వెన్న నిర్దోషి" అని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. వాటిలో ఒక ప్రశ్న మిగిలిపోయింది: నెయ్యి, వెన్న తగ్గించినవాళ్లు దాని బదులు ఏం తిన్నారు?

2015లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు ఆ ప్రశ్నే అడిగారు. లక్షా 27 వేల మందికి పైగా నర్సులు, వైద్య రంగం ఉద్యోగుల వివరాలు చూశారు. రోజు శక్తిలో 5 శాతం సంతృప్త కొవ్వు నుంచి రావడం మాని, కుసుమ, పొద్దుతిరుగుడు నూనెల్లాంటి బహుళ అసంతృప్త కొవ్వు నుంచి వస్తే గుండె జబ్బు ముప్పు 25 శాతం తక్కువ. పల్లి నూనెలో ఎక్కువగా ఉండే ఏక అసంతృప్త కొవ్వు అయితే 15 శాతం తక్కువ. ముడి ధాన్యం అయితే 9 శాతం తక్కువ. మైదా, చక్కెర అయితే తేడా లేదు. ఇది కూడా మనుషులను గమనించిన లెక్కే, ట్రయల్ కాదు. కానీ "బదులు ఏం పెట్టావు" అనే ప్రశ్న ఎంత ముఖ్యమో చూపించింది.

మనకు ఇది సులభంగా అర్థం కావాలి. యూరియా మానేసినంత మాత్రాన ప్రకృతి వ్యవసాయం అయిపోదు కదా. దాని బదులు నేలకు ఏమిచ్చాం అనేదే అసలు ప్రశ్న. నెయ్యి మాని తెల్లన్నం రెండు ముద్దలు ఎక్కువ, టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ అయితే గుండెకు లాభమేమీ లేదు.

ఇది పట్నపు జబ్బు కాదు

"మనం కష్టం చేసేవాళ్లం, మనకు గుండె జబ్బులేంటి" అనుకుంటాం. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఎవరు ఎందుకు చనిపోయారో ఇంటింటికీ తిరిగి లెక్క రాశారు. దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఇరవై ఏళ్ల కింది మాట ఇది. ఇంకో అంతర్జాతీయ అధ్యయనంలో మన దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాలవాళ్లకు అది దాదాపు 59 ఏళ్లని తేలింది. అంటే ఆరేళ్లు ముందు. పిల్లల చదువు, పెళ్లి బాధ్యతలు తీరని వయసు.

కొవ్వు ఒక్కటే కారణం కాదు. బీడీ, సిగరెట్, బీపీ, షుగర్, బొజ్జ, కూర్చునే బతుకు అన్నీ ఉన్నాయి. ట్రాక్టర్లు, మోటార్లు వచ్చాక మన నడక కూడా తగ్గింది. తాత తిన్న నెయ్యి తింటున్నాం గానీ తాత తోలిన నాగలి తోలడం లేదు.

రోజుకు ఎంత? మా ఇంటి లెక్క

సంతృప్త కొవ్వు నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. 2000 క్యాలరీలు తినే మనిషికి ఇది సుమారు 22 గ్రాములు.

ఆ ఎనిమిది నెలలు మా నాయిన రోజుకు తిన్నది:

- నెయ్యి 40 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 25 గ్రాములు
- చిక్కటి బర్రె పాలు, పెరుగు కలిపి 300 మి.లీ., అందులో 12
- కూరల్లో పల్లి నూనె 30 గ్రాములు, అందులో 5 నుంచి 6

మొత్తం 42 దాటింది. పరిమితికి దాదాపు రెట్టింపు. మాంసం తిన్న ఆదివారం లెక్క ఇందులో వేయలేదు.

ఇప్పుడు తింటున్నది: నెయ్యి రెండు చిన్న చెంచాలు (10 గ్రాములు), అందులో 6. మీగడ తీసిన పాలు, పెరుగు, అందులో 5 నుంచి 7. నూనె 25 గ్రాములు, అందులో 5. మొత్తం 16 నుంచి 18. అన్నం పెంచలేదు. పప్పు, కూరగాయలు, గుప్పెడు వేయించిన పల్లీలు పెంచాం. పొద్దున జొన్నరొట్టె ఎప్పుడూ ఉన్నదే.

డాక్టర్ గోలీ మళ్లీ మొదలుపెట్టాడు. మూడు నెలలకు ఎల్‌డీఎల్ 98. ఇందులో గోలీ వాటా ఎంత, తిండి వాటా ఎంత అని అడిగితే, రెండూ ఒకేసారి మార్చారు కాబట్టి విడదీయలేమన్నాడు. నిజమే. ఒక ప్లాట్‌లో రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో మనకూ తెలియదు. కాబట్టి దీన్ని నెయ్యి మానితే 98కి వస్తుందని ఎవరూ అర్థం చేసుకోవద్దు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. నెలకు ఇంటికి వచ్చే నూనె లెక్క రాయండి. మనిషికి రోజుకు 25 గ్రాములు అనుకుంటే నలుగురికి నెలకు 3 కిలోలు, అంటే 3.3 లీటర్ల దాకా. కష్టం చేసేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువైనా పర్వాలేదు. ఆరేడు లీటర్లు అవుతుంటే అది గానుగ నూనె అయినా ఎక్కువే.

2. ఒకే నూనె పట్టుకుని కూర్చోకండి. పల్లితో పాటు నువ్వులు, కుసుమ మార్చి వాడండి. యాసంగిలో నల్లరేగడి ఉన్నవాళ్లు ఇంటి అవసరానికైనా నాలుగు సాళ్లు కుసుమ వేసుకోవచ్చు.

3. నెయ్యి మానొద్దు, కొలిచి వేసుకోండి. డబ్బా వంచడం మానేసి చిన్న చెంచా పెట్టండి. పాలు, పెరుగును నెయ్యి, వెన్నతో సమానంగా చూసి భయపడాల్సిన పని లేదు.

4. డాల్డాకు దూరంగా ఉండండి. నూనెను గడ్డకట్టించేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు, సంతృప్త కొవ్వు కన్నా చెడ్డది. నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం దాటొద్దని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఇంట్లో కూడా కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచొద్దు.

5. బయటి తిండిలో కనబడని పామాయిల్ ఎక్కువ. రంగనాయక స్వామి జాతరలో తినే మిర్చీ, బేకరీ బిస్కెట్, మిక్చర్ ప్యాకెట్ అన్నీ లెక్కలోకే వస్తాయి. ఆయిల్ పామ్ వేసుకున్న మన రైతులను తప్పుపట్టడం లేదు. పంటగా దాని సంగతి వేరు, పళ్లెంలో దాని లెక్క వేరు.

6. నలభై దాటినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు రక్త పరీక్ష చేయించుకోండి. భూమికి సాయిల్ టెస్ట్ చేయిస్తాం, మనకు చేయించుకోం.

7. అన్నిటికంటే ముఖ్యమైనది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ గోలీలు ఎవరి వీడియో చూసీ ఆపొద్దు. నా వీడియో అయినా సరే. ఆపాలనిపిస్తే గోలీ రాసిన డాక్టర్‌తోనే మాట్లాడండి.

అమ్మే మనందరికీ ఒక మాట

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు మార్కెట్‌లో ఉన్న పెట్టుబడి నమ్మకం ఒక్కటే. మందు కొట్టలేదని మనం చెప్తే కొనేవాళ్లు ల్యాబ్‌కు పోకుండా నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని వాడుకుని మనకు తెలియని వైద్యం కూడా చెప్పేస్తే, రేపు మనం చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. నెయ్యి కావాలని ఫోన్ చేసేవాళ్లను ఇప్పుడు నేను ఒక మాట అడుగుతున్నాను, ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లున్నారా అని. ఉంటే అరకిలో చాలంటాను. నెయ్యి అమ్మకం కొంత తగ్గింది. పల్లి నూనె మాత్రం అట్లాగే నడుస్తోంది.

నిన్న పొద్దున నాయిన రొట్టె ముందు కూర్చుని, చెంచా చూపిస్తూ, "ఇది నిండుగనా, తలకొట్టా?" అన్నాడు. తలకొట్టే అని చెప్పాను. గొణుక్కుంటూ వేసుకున్నాడు.

నా పాత వీడియో చూసి గోలీలు మానినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఈ వారమే డాక్టర్‌ను కలవండి. మీకు తెలిసినవాళ్లకు పాత వీడియో పంపి ఉంటే, ఇది కూడా పంపండి. వచ్చే వీడియోలో గానుగకు పోసే ముందు పల్లీల్లో బూజు గింజలు ఏరడం, ఆరబెట్టడం ఎట్లాగో చూపిస్తాను. ఉంటాను మరి.